ఉత్తరపు గోడకు ఏడు కిటికీలు

1906 జూలై తొమ్మిదో తేదీ, సోమవారం నాడు మన కట్టడాల శాఖలో వాస్తుశిల్పిగా ప్రవేశించి, మేస్త్రీల నోట 'కిటికీల అయ్యగారు'గా స్థిరపడిన మహనీయులు, ముప్పయ్యొక్క సంవత్సరాల సేవానంతరం, చూపు పూర్తిగా పోయినందువల్ల గడువుకు మూడేళ్ళు ముందే నేడు సెలవు తీసుకుంటున్నారు. అభినందన వ్యాసం రాయమంటే సంతోషంగా ఒప్పుకున్న ఈ వ్యాసకర్తకు, అంటే వారి వద్ద పందొమ్మిదేళ్ళుగా నక్షాలు గీస్తున్న ఉద్యోగికి, కలం పట్టాక దుఃఖమే ముంచుకొస్తున్నది.

తొలి పదేళ్ళలో న్యాయస్థానం, బాలికల పాఠశాల, ఆసుపత్రి వారి చేతి మీదుగా లేచాయి. నక్షా గీయడానికి ముందు ఖాళీ స్థలంలో కుర్చీ వేయించుకుని, పొద్దుగూకే దాకా పత్రిక చదువుతూ కూర్చునేవారు. అక్షరం తేటగా కనబడిన చోటల్లా కిటికీకి గుర్తుగా మేకు పాతించేవారు. గుత్తేదార్లు తలలు పట్టుకున్నా వారు మాత్రం పుట తిప్పేవారు.

తపాలా కార్యాలయం నక్షాలో వెలుతురు ధ్యాసలో పడి పోస్టుమాస్టరు గదికి తలుపే మరిచారు. గోడలు నడుమెత్తు లేచాక మేస్త్రీ, "అయ్యగారూ, పెద్దాయన రోజూ కిటికీలోంచి దూకాలాండీ?" అన్నాడు. ఆ కథను కడుపుబ్బ నవ్వుతూ ఊరందరికీ చెప్పుకున్నది వారే.

చివరి నిర్మాణం గ్రంథాలయం. చదువుకునే గదికి ఉత్తరపు గోడలో ఏడు కిటికీలు గీశారు. చూపు సన్నగిల్లి వారు ఇంటిపట్టున ఉన్న నెలల్లో పై అధికారులు వాటిని మూడింటికి కుదించారు. మార్చిన నక్షా గీసింది ఈ వ్యాసకర్తే.

కిందటి నెల కుమార్తె చేయి పట్టుకుని ఆ గది చూడవచ్చారు.

"ఏడూ పెట్టారా?"

"పెట్టామండీ," అన్నది ఈ వ్యాసకర్తే.

గోడను తడుముతూ నడిచారు. అయిదో కిటికీ ఉండాల్సిన చోట అరచేయి చాలాసేపు ఆగింది.

"పూత ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరూ ఆనుకోకుండా చూసుకోండి," అన్నారంతే.

ఇంటిదారిలో కుమార్తెతో, "వాళ్ళనేమీ అనకమ్మా, పాపం చెప్పలేకపోయారు," అన్నారట. ఆ మాట తరువాత ఆమే చెప్పారు.

ఈ పుటలను కుమార్తె వారికి చదివి వినిపిస్తారు గనుక, ఆనాడు నోరు పెగలని మాట ఇక్కడ చెప్పుకోవాలి: అయ్యగారూ, కిటికీలు మూడేనండీ. మధ్యాహ్నానికే ఆ గదిలో దీపం పెడుతున్నారండీ.

వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని, అందులో ఒక్కనాడైనా ఈ వ్యాసకర్తను పిలిపించి మనసారా కోప్పడాలని యావత్తు సిబ్బంది సాక్షిగా ప్రార్థన.