పేరు తెలుసు, మనిషి తెలియదు

అధ్యక్ష స్థానంలో ఉన్న శ్రీరంగనాయకులు గారికి, ముందు వరుసలో కూర్చున్న దానమ్మ గారికి, ఏలూరు నుంచీ గూడెం నుంచీ ఆకివీడు నుంచీ పొద్దున్నే బస్సులెక్కి కైకలూరు చేరిన వాచకం మిత్రులందరికీ ఈ బాలస్వామి నమస్కారాలండీ. శాలువా చాలా బాగుంది గానీ ఈ ఉక్కలో దీన్ని కప్పుకుని మాట్లాడటం నా వల్ల కాదు, అధ్యక్షులవారు ఏమీ అనుకోకపోతే తీసి కుర్చీ మీద పెడతాను. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళందరూ నన్ను చాలా పెద్దవాణ్ణి చేశారు. నేను చెప్పబోయేది విన్నాక ఆ మాటల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. నేను బాధపడను.

అధ్యక్షులవారి బంధువులు కొందరు వచ్చారు, వాళ్ళకి ఈ వాచకం ఏమిటో తెలియకపోవచ్చు. చూపు లేనివాళ్ళకి కంప్యూటరు మీద ఉన్న తెలుగుని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అండీ ఇది. దీనికి యజమాని లేడు, మాలో ఎవరికీ జీతం లేదు. దీని కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా ఉంటుంది, తప్పు కనపడితే ఎవరైనా దిద్ది పంపవచ్చు. వచ్చినవన్నీ చూసి, మంచివి కలిపే పని పన్నెండేళ్ళుగా నాది. ఇవాళ్టితో దిగిపోతున్నాను.

ఇది మొదలైంది దానమ్మ గారి వల్ల. ఆవిడ కలిదిండి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. నలభై దాటకుండానే చూపు పోయింది, ఉద్యోగం మాత్రం వదల్లేదు. నేను గూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. రెండు వేల పదమూడులో ఒకరోజు ఆవిడ వాళ్ళ చెల్లెలి చెయ్యి పట్టుకుని ల్యాబ్‌కి వచ్చి, "ఏవండీ, కంప్యూటరు ఇంగ్లీషు చదువుతుందంట కదా, తెలుగు చదవదా?" అని అడిగారు. చదువుతుందండీ అని చెప్పి, అప్పటికి ఉచితంగా దొరుకుతున్నదొకటి పెట్టి, ఆవిడ స్కూల్లో ఇంకో టీచరు గారింటి శుభలేఖ చదివించాను. చి చుక్క, ల చుక్క, సౌ చుక్క అంటూ మొదలుపెట్టి పెళ్ళికూతురి పేరు దగ్గరికి వచ్చేసరికి మా ల్యాబ్‌లో పిల్లలందరూ పడి పడి నవ్వారు. (నవ్వులు) ఆవిడ మాత్రం నవ్వలేదు. "దీన్ని బాగుచెయ్యొచ్చాండీ?" అన్నారు. చెయ్యొచ్చు అన్నాను. నాకప్పటికి సగం కూడా రాదు.

తరవాత చాలామంది వచ్చారు. మొదటి ఏడాది నలభై మంది దాకా కోడ్ పంపారు, రెండో ఏడాదికి ఐదుగురు మిగిలారు. పని రానివాళ్ళు పోతారు, వచ్చినవాళ్ళు ఉంటారు అనుకునేవాణ్ణి నేను. అలా అనుకుంటున్న రోజుల్లోనే క్రాంతి కుమార్ వచ్చాడు. అదిగో, స్తంభం పక్కన కూర్చున్నాడు చూడండి, తల దించేసుకున్నాడు. మా వాచకం ఒత్తులు సరిగ్గా పలుకుతోందంటే, పెళ్ళిని పెల్లి అనడం మానేసిందంటే అది అతని చలవ. ఏడాదిన్నర పాటు వారం వారం పంపేవాడు. నేను "చూశాను, కలిపాను" అని రెండు ముక్కలు రాసేవాణ్ణి. అతనిది ఆకివీడని, ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాడని నాకు తెలియదు. అడగలేదు. అడగడం పనికి అడ్డమనుకున్నాను.

రెండు వేల పదిహేడులో దానమ్మ గారికి ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంట్ పరీక్ష వచ్చింది. చదివి రాసిపెట్టే మనిషిని ఇస్తామన్నారు పైవాళ్ళు. "నా చదువు నేనే చదువుకుంటానండీ" అని పట్టుబట్టి, వాచకంతో రాయడానికి అనుమతి తెచ్చుకుని, మూడు నెలలు సాధన చేశారు. కొన్ని సంధి పదాల దగ్గర అది తడబడుతోందంటే క్రాంతి ఆ వారమే దిద్ది పంపాడు. నేను కలిపి, కొత్తది వేసుకోమని పరీక్ష ముందురోజు సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశాను. మర్నాడు పరీక్ష హాల్లో అది ఒక్క ముక్క కూడా చదవలేదు. ఆవిడ గంటన్నర ఆ కంప్యూటరు ముందు కూర్చుని, లేచి వచ్చేశారు.

నాకు ఒళ్ళు తెలియనంత కోపం వచ్చింది. ఇంటర్నెట్‌లో మా కోడ్ ఉండే చోట, అందరూ చూసేలా క్రాంతి పేరు పెట్టి, "ఇది బాధ్యత లేనివాడు చేసే పని" అని రాశాను. అతను ఒక్క వాక్యం రాశాడు. "క్షమించండి సార్, ఇక మీరు చూసుకోండి." అంతే, మళ్ళీ కనపడలేదు.

మంచినీళ్ళు ఇలా ఇవ్వమ్మా.

నాలుగు రోజులకి అసలు సంగతి తేలిందండీ. క్రాంతి పంపినది సరిగ్గానే ఉంది. కలిపేటప్పుడు ఒక ఫైలు బదులు పాత ఫైలు పెట్టింది నేను. గుట్టు చప్పుడు కాకుండా దిద్దేశాను. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది దానమ్మ గారు పరీక్ష రాసి పాసయ్యారు. ఒత్తులు దిద్దినతన్ని చూడాలండీ, తీసుకెళ్ళండి అన్నారు. నా దగ్గర అతని ఫోన్ నెంబరు కూడా లేదు. "ఏడాదిన్నర కలిసి పనిచేశారు, ఇల్లెక్కడో తెలియదాండీ?" అని ఆశ్చర్యపోయారు ఆవిడ. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పట్టుకుని, ఇద్దరం ఆకివీడు ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళాం. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, "పరీక్ష రోజు జరిగినదానికి నాకేమీ కోపం లేదు బాబూ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. క్రాంతి నా మొహం వంక చూశాడు. చూసి, "సరేనండీ" అన్నాడు.

గేటు దాకా వచ్చినప్పుడు నాతో నెమ్మదిగా, "ఫైలు సంగతి నాకు తెలుసు సార్, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో కనపడుతుంది కదా" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను. "ఆ వారమే మా నాన్న పోయారు సార్. పరీక్ష ఉందన్నారు కదా అని పదో రోజు లోపలే కూర్చుని పంపాను. మీరు నెంబరు కనుక్కుని ఫోన్ చేస్తారేమో అనుకున్నాను" అన్నాడు.

మళ్ళీ రమ్మని అడిగాను. రానన్నాడు.

అతన్ని తిరిగి తెచ్చింది నేను కాదు. దానమ్మ గారు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అతనికి ఫోన్ చేసేవారు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఫ్యాక్టరీకి లారీలు వస్తున్నాయా, భోంచేశావా, ఇవే. వాచకం మాట ఎత్తేవారు కాదు. రెండో శనివారాలు అందరం కలుద్దామంది కూడా ఆవిడే. శ్రీరంగనాయకులు గారు తమ కొట్టు మీద గది ఇచ్చారు. క్రాంతి మొదటి నాలుగు నెలలూ వచ్చాడు, అందరితో కూర్చుని అన్నం తిన్నాడు, వెళ్ళిపోయాడు. ఐదో నెలలో, "సార్, ఆ సంధి ఇంకా తప్పే పలుకుతోంది" అంటూ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. అప్పటి నుంచి ఉన్నాడు. ఆ గదిలో రెండు మూడుసార్లు కలిసి తిన్నవాళ్ళలో ఎక్కువమంది ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళకంటే బాగా కోడ్ రాసి, ఎవరూ పలకరించక వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి, మొహాలు తెలియవు.

ఇందులోనూ ఒక పొరపాటు చేశాం. రెండేళ్ళ కిందట జెస్సీ కొత్తగా వచ్చి మూడు నెలలు నోరెత్తలేదు. ఏమ్మా అంటే, "మీరంతా చుట్టాల్లా మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి తప్పు చెప్పడానికి భయం వేస్తుంది సార్" అంది. మాకెవరికీ తట్టని మాట అది. అందుకే నా పని ఇక నుంచి జెస్సీ చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళ భయం తనకి ఇంకా గుర్తుంది.

దానమ్మ గారూ, ఈ సంగతి మీకు విడిగా చెప్పాల్సింది. నిన్న మీ ఇంటికి వచ్చింది అందుకే. మీరిచ్చిన కాఫీ తాగి, చెప్పలేక తిరిగి వచ్చేశాను. అతని మీద అందరి ముందూ వేసిన నింద అందరి ముందూ తీయాలి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మీరు క్షమించింది తప్పు చేయని మనిషినండీ. చేసినవాణ్ణి నేను. ఏడేళ్ళు మీ పక్కనే కూర్చుని మీ ఇంట్లో అన్నం తిన్నాను.

(దానమ్మ గారు ముందు వరుసలోంచి ఏదో అన్నారు)

లేదండీ, అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

(ఆవిడ మళ్ళీ ఏదో అడిగారు) అవునండీ. మీకు ఒక ఏడాది పోయింది. అది నేను తెచ్చి ఇవ్వలేను.

క్రాంతీ, లేవకు, కూర్చో. ఆ రోజు నిన్ను అన్న మాటని తుడిపేయడం నా చేతిలో పనే. తుడపలేదు. ఇవాళ పొద్దున బయలుదేరే ముందు దాని కిందే రాశాను, తప్పు నాది, తేదీ ఇది, ఫైలు ఇది, క్రాంతి పని సరైనది అని. నా పేరు పెట్టాను. రేపు కొత్తగా వచ్చే ఎవరైనా రెండూ చదువుకుంటారు. నీకు ఫోన్ చేయాల్సిన రోజున చేయలేదు. క్షమించు నాయనా.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీకందరికీ, ఈ హాలు ఏర్పాటు చేసిన పెద్దలకి, వంటవాళ్ళకి కృతజ్ఞతలు. జెస్సీ, ఇలా వచ్చి మైకు అందుకో అమ్మా. నేను కిందికి దిగి దానమ్మ గారి దగ్గరికి వెళ్తాను. ఆవిడ ఏమంటారో వినాలి.

సెలవు.