బెర్నడెట్ కోస్టిగన్ గారు, నేను శంకించిన సంతకాలు

1994 సెప్టెంబరు ఆరవ తేదీన శ్రీమతి బెర్నడెట్ కోస్టిగన్ గారు రేవు పట్టణం న్యూ బెడ్‌ఫర్డ్‌లోని మా ఉన్నత పాఠశాలలో, పరదేశాల నుంచి కొత్తగా వచ్చిన కౌమార వయస్కులకు ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పే ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడే వారిపై నాకు అనుమానం మొదలైంది. నేను రికార్డుల అధికారిని, శంకించడం నా వృత్తిధర్మం. రోజంతా మోతపెట్టే బాయిలర్ పక్క గదిని తరగతిగా ఇస్తే ఎవరైనా నవ్వుతూ ఒప్పుకున్నారంటే, వెనక ఏదో ఉందనే అనుకుంటాను.

తదుపరి పదిహేడేళ్లూ, పదహారేళ్ల వయసులో అక్షరం రాకుండా వచ్చిన పిల్లలు వారి శిక్షణలో రెండేళ్లకే వార్తాపత్రిక చదివేవారు. నేను నమ్మలేదు. రికార్డులు తిరగేశాను, ఏమీ దొరకలేదు.

2011లో దొరికింది. రాత్రి ఇంట్లో ఇరవై నిమిషాలు చదివినట్టు తల్లిదండ్రులు సంతకం చేసే పుస్తకం ప్రతి విద్యార్థికీ ఉండేది. గ్వాతెమాలా నుంచి వచ్చిన మైరా అనే అమ్మాయి పుస్తకంలో తల్లి సంతకం అచ్చం మైరా చేతిరాతే. తల్లి పెట్రోనా గారు చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మైరాను చేర్చిన రోజు సంతకం చోట ఒక అడ్డగీత మాత్రమే పెట్టారు. దొంగ సంతకాలను కోస్టిగన్ గారు తెలిసే ఆమోదిస్తున్నారని ఫిర్యాదు రాశాను. అది పై కార్యాలయానికి చేరితే మైరాకు ఆ ఏడు చదువు పోతుంది, కోస్టిగన్ గారికి ఉద్యోగమే పోతుంది. పంపేముందు పెట్రోనా గారిని పిలిపించాను.

ఆవిడ ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే, మైరాను వెంటబెట్టుకుని వచ్చారు. తెల్ల కాగితం ముందుంచి సంతకం పెట్టమన్నాను. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఒక్కొక్క అక్షరమే దిద్దారు. పుస్తకంలో ఉన్న అదే వంపు, అదే కొక్కెం.

"నేర్పింది నేనే గదా సార్, మా అమ్మ రాత నాలాగే ఉంటుంది మరి," అంది మైరా.

పగలు నేర్చుకున్నది రాత్రి ఇంట్లో ఒకరికి నేర్పాకే సంతకం అడగాలని కోస్టిగన్ గారి నియమమట. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని వారిని నిలదీశాను.

"మీరెప్పుడు అడిగారు అనిబాల్? పట్టుకోవడానికే వచ్చారాయె," అన్నారు.

ఫిర్యాదు చించేశాను. అది దొంగ సంతకమని నా కంటికి అంత సులువుగా ఎందుకు తోచిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కేప్ వెర్దె దీవుల నుంచి వచ్చి క్రాన్‌బెర్రీ తోటల్లో కూలిచేసిన మా అమ్మకు చదువు రాదు. హైస్కూలు నాలుగేళ్లూ ఆమె సంతకం నేనే పెట్టాను. ఆమెకు నేర్పవచ్చన్న ఆలోచన నాకు ఒక్కరోజూ రాలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఈ జూన్‌లో పదవీ విరమణ చేస్తున్న కోస్టిగన్ గారు ఇక ఇంట్లో విశ్రాంతిగా కూర్చుంటానంటున్నారు. అదీ నేను నమ్మను. ఏం చేసినా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చేయాలని మా అందరి ఆకాంక్ష. ఈ వీడ్కోలు సంచిక చివరి పుటలో శుభాకాంక్షలు తెలిపినవారి సంతకాలున్నాయి. మొదటిది పెట్రోనా గారిది. దాన్ని నేను సరిచూడలేదు.