వెర్లన్ టిడ్‌వెల్ ఆపిన రైలు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొదలవడానికి ఇంకా టైముంది. అలబామాలో శనివారం పొద్దున, కాలేజీ స్టేడియం బయట గడ్డి నేలంతా ఆటకి ముందు వండుకు తినడానికి వచ్చినవాళ్ల ట్రక్కులు, గుడారాలు, కాలుతున్న మాంసం పొగ. ఎవరికీ కుదురు లేదు. వరసగా నాలుగు ఆటలు ఓడిన జట్టు జనానికి కుదురెక్కణ్ణుంచి వస్తుంది?

టోన్యా ప్రూయిట్‌కి అసలే లేదు. పొయ్యి మీద పంది పక్కటెముకల్ని అవసరం లేకపోయినా తిప్పుతూనే ఉంది. కిందటి శనివారం ఆఖరి నిమిషంలో, బంతి చంకలో పెట్టుకుని దూసుకొచ్చినవాణ్ణి పట్టబోయి చొక్కా అంచు మాత్రం తాకి బోర్లా పడినవాడు ఆమె కొడుకు గ్యారెట్. స్టేడియం మొత్తం వాణ్ణి ఛీకొడుతూ అరిచింది. అప్పట్నుంచి వాడు ఇంటికి ఫోన్ చేయలేదు. ఇవాళ మళ్లీ ఆడుతున్నాడు.

ఆమె గుడారంలో ప్రతి శనివారం తినిపోయే వెర్లన్ టిడ్‌వెల్‌కి ఇవేవీ పట్టవు. గాలికి లేవకుండా గుడారం కాలికి కట్టిన ఐసు పెట్టె తాడు విప్పి, పెట్టెను మధ్యకి లాక్కుని దానిమీద దర్జాగా కూర్చున్నాడు.

"మీవాణ్ణి అనట్లేదమ్మాయ్, కోచ్‌ని అంటున్నా. వారమంతా ప్రాక్టీసులో ఒక్కణ్ణి కూడా కింద పడెయ్యనివ్వడంట! దెబ్బలు తగుల్తాయంట! మెత్తటి బొమ్మల్ని కౌగిలించుకోమంటాడంట. ఇంక శనివారం నిజం మనిషి ఎదురొస్తే ఏం చేస్తారు? షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపిస్తారు. అదే మా రోజుల్లో అయితేనా..."

"మొదలెట్టాడు," అన్నాడు హోయిట్, ఉడికించిన వేరుశనక్కాయ ఒలుచుకుంటూ. హోయిట్ ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు.

"నేను ఈ కాలేజీకి ఆడేటప్పుడు ఒకణ్ణి మా గోల్ గీతకి గజం దూరంలో ఆపాను. పెద్ద విషయమేం కాదులే. తల పైకి, కళ్లు తెరిచి, వాడి నడుముకి భుజం ఆనించి, రెండు చేతులూ చుట్టి బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డాడు."

"పడితే కథేముందిరా? వాణ్ణి వెనకనుంచి తోసుకుంటూ ఇంకో ముగ్గురొచ్చారు. నలుగుర్నీ మోపు కట్టినట్టు ఎత్తుకుని ఎదురు నడక మొదలెట్టా. రిఫరీ అడ్డొచ్చాడు, ఆయన్నీ కలిపేశా. మైదానం అంచున వాళ్ల కోచ్, నీళ్ల డ్రమ్ము, బ్యాండులో బూరా వాయించేవాడు, అందరూ వచ్చి చేతుల్లో పడ్డారు. వాడు ఊదడం ఆపలేదు, నేను మొయ్యడం ఆపలేదు."

"గేటు దగ్గరైనా దించావా?"

"ఆ ఊపులో ఆగితేగా! గేటుతో సహా బయటికొచ్చేశా. వెనకే రైలు పట్టాలున్నాయిగా? బర్మింగ్‌హామ్ నుంచి ప్యాసింజరు వస్తోంది. డ్రైవరు ఒకటే కూత. తప్పుకుంటానా? మోపు పక్కన పెట్టి, తల పైకి, కళ్లు తెరిచి, రెండు చేతులూ చుట్టా."

"రైలు చుట్టూ చేతులా?"

"ఇంజను చుట్టూరా! రైలంతా ఎవడైనా చుడతాడా, బుద్ధుండాలి. రైలు ఆగింది. ఆగడమేంటి, వెనక్కి నడిచింది. బర్మింగ్‌హామ్‌లో ఎక్కినవాళ్లు మళ్లీ బర్మింగ్‌హామ్‌లోనే దిగారు. మా కోచ్ ఏమన్నాడో తెలుసా? 'వచ్చేసారి ఇంకాస్త వంగు వెర్లన్,' అన్నాడు. అదీ కోచింగంటే!"

హోయిట్‌కి పొరబోయింది. టోన్యాకి కూడా నవ్వొచ్చింది, ఆ వెంటే ఒళ్లు మండింది. ఇలా రైళ్లు ఆపినవాళ్లంతా కాసేపట్లో లోపలికెళ్లి తన కొడుకు నెత్తిన కూర్చుంటారు.

అప్పుడే విసురుగా గాలి కొట్టింది. ఐసు పెట్టె లేని కాలు ముందు లేచింది, దాంతోపాటు గుడారం లేచింది.

"పట్టుకోరా, నీ మీదికే వస్తోంది!" హోయిట్ అరిచాడు.

వెర్లన్ లేచాడు. తల దించాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఒక్క చెయ్యి చాచాడు. గుడారం కాలు ఆయన వేళ్లని తాకి వెళ్లిపోయింది. ఆయన బోర్లా పడి, గడ్డిలో జారి, కింద పెట్టిన బంగాళాదుంపల సలాడు గిన్నెలో మొహం పెట్టి ఆగాడు. టోన్యా పట్టకారు విసిరేసి పరిగెత్తి, రెండు చేతులతో ఆ కాలిని వాటేసుకుని కిందికి లాగింది. ఇంకో కాలు మీద హోయిట్ కూర్చున్నాడు. చుట్టుపక్కల గుడారాల వాళ్లంతా లేచి చూశారు.

"గాలి పక్కనుంచి వచ్చింది," అన్నాడు వెర్లన్, గడ్డం మీద సలాడు కారుతుంటే. "ఎదురుగా వచ్చుంటేనా..."

టోన్యా కాగితం రుమాలు తెచ్చి ఆయన మొహం తుడిచింది. కోపంగా కాదు, మెల్లగానే.

"ఇంతమంది చూశారు కదా బాబాయ్. మిమ్మల్ని చూసి ఒక్కళ్లయినా ఛీకొట్టారా?"

"లేదమ్మాయ్."

"మావాడు పడినప్పుడు ఛీకొట్టారు. నా వెనక రెండో వరసలోంచి అందరికన్నా గట్టిగా వినిపించిన గొంతు ఎవరిదో నాకు తెలుసు. నేను వెనక్కి తిరగలేదు, అంతే."

 దూరంగా బ్యాండు మొదలైంది, జట్టు బస్సు దిగుతోందని జనం అటు పరిగెడుతున్నారు.

"చెప్పరా," అన్నాడు హోయిట్, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "ఆ తర్వాత ఏమైంది?"

వెర్లన్ ఐసు పెట్టెను మళ్లీ గుడారం కాలి దగ్గరికి ఈడ్చుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తాడు కట్టాడు.