గాసి తాత పొయ్యి ముట్టించని పొద్దు

వంతాల గాసి అని ఒక ముసిలాయన ఉండేవోడంట, ఎగువ కొండ మీద, ఒక్కడే. ఒకప్పుడు అక్కడ ఊరే ఉండేదనుకో. కింద తారురోడ్డు పడింది, కొళాయి వచ్చింది, ఇంక ఒకళ్ల ఎనకాల ఒకళ్లు అందరూ దిగిపోనారు. గాసి తాత దిగనేదు. "ఇలాటి నేల కింద ఎక్కడున్నాదిరా?" అన్నాడంట. నిజమే, అబద్ధమాడకూడదు, ఆ నేల అలాటిదే. నల్లగా, మెత్తగా, సెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోతాది. అల్లం ఏస్తే అల్లం, పసుపు ఏస్తే పసుపు, సోళ్లు, సిక్కుళ్లు, ఏటేస్తే అదే పండుతాది. పెళ్లాం పోనాది, పిల్లలు నేరు. పొద్దున్నే లేగడం, పొయ్యి ముట్టించడం, అంబలి కాసుకుని తాగడం, మట్టి తవ్వే గొప్పు పట్టుకుని సేలోకి ఎల్లడం. సిలకలు వాలితే "హో... హో" అని అదిలించడం, పొద్దు వాలితే ఇంటికొచ్చి మళ్లీ అదే అంబలి. మాటాడ్డానికి ఎవులున్నారు? ఎద్దుతో మాటాడీవోడు. "ఇవాళ ఎండ గట్టిగా ఉన్నాదిరా" అంటే అది సెవి ఆడించేది. అదే జవాబనుకో.

అలా ఉండగా ఏమైందంటే, ఒక సంత రోజున అల్లం కావిడి ఏసుకుని కిందకి దిగినాడు. వచ్చినోళ్లందరూ అల్లం తిప్పి తిప్పి సూసినోళ్లే గానీ, ఈయన మొకం సూసినోడు నేడు. టీ కొట్టు కాడ కూకుంటే కిందున్న మా ఊరి పెద్ద బొంజన్న నవ్వుతా అన్నాడంట, ఏటి మామా, పొద్దున్నే మేం నీ కొండేపే సూస్తాం తెలుసా, నీ ఇంటి మీద పొగ లేస్తే మామ ఉన్నాడు అనుకుని పన్లోకి పోతాం అని. ఊరికే అన్న మాటది. కానీ ఒంటరిగా ఉన్న మడిసికి ఊరికే అన్న మాట ఉండదు కదా. కొండెక్కినంతసేపూ అదే ఆలోసన. నిజంగా సూస్తారా? మరి పొగ నేకపోతే వస్తారా? వస్తే ఎవులొస్తారు?

ఇంక మర్నాడు పొద్దున్న పొయ్యి ముట్టించనేదు. సలికాలం, మంచు గుమ్మం దాకా వచ్చి కూకుంది. పచ్చి సిలకడదుంప కొరుక్కుని, దుప్పటి కప్పుకుని, దారేపు సూస్తా కూకున్నాడు. సేలో సిలకలు వాలినా అదిలించనేదు, కేక కిందకి ఇనబడిపోద్దేమోనని. ఆ రోజు ఎవులూ రానేదు. రెండో రోజూ అంతే. "సూస్తామన్నారే" అన్నాడంట ఎద్దుతో. అది సెవి కూడా ఆడించనేదు. నవ్వకండర్రా, ఆకలితో ఉన్నాడాయన.

ఆ మర్నాడు పొద్దెక్కినాక దారి మలుపు కాడ జనం కనబడ్డారు. ఒకళ్లు కాదు ఇద్దరు కాదు, వరసగా, సీమల బారు లాగ. తాత లేచి నిలబడ్డాడు. గబగబా మొకం కడుక్కున్నాడు, పాగా సుట్టుకున్నాడు, సాపలు పరిసీసాడు. ఇంతమందికి ఏటి ఉడకెట్టాలి, సిక్కుడు గింజలు సాలతాయా అని లెక్కలేసుకుంటా మళ్లీ తొంగి సూసాడు. అప్పుడు కనబడ్డాయి, ఆళ్ల బుజాల మీద పచ్చి ఎదురు బొంగులు. ఒకడి సేతిలో డప్పు. వచ్చేది తన పాడె అని అప్పుడు తెలిసిందంట. ఇప్పుడేటి సెయ్యాలి? ఎదురెల్లి "నాను బతికే ఉన్నానర్రా" అనాలా? సిగ్గు ముంచుకొచ్చీసింది. పాపం అంత బరువేసుకుని అంత ఎత్తెక్కినారు, ఊరికే పంపడం బాగోదేమో అనుకున్నాడు. లోపలికెల్లి పొడుక్కుని, మొకం మీద దుప్పటి లాక్కున్నాడు.

జనం వచ్చి గుమ్మం బయటే ఆగిపోనారు. లోపలికి ఎల్లడానికి అందరికీ జంకే. అక్కడ నుంచే బొంజన్న, "మంచి మడిసి, ఒకళ్ల జోలికి పోనోడు" అన్నాడంట. అది ఇంటే తాతకి కొంచెం బాగానే ఉంది. ఆ ఎనక ఇంకెవుడో, అల్లం సేను ఎవుల పాలికి ఎల్తాది అన్నాడు. ఎద్దు నాకుండనీండి అన్నాడింకొకడు. సరే సరే, ముందు పని కానీండి అన్నారు. దుప్పటి కింద తాత కళ్లంట నీళ్లు సెవుల్లోకి కారిపోతన్నాయి, తుడుసుకోడానికి నేదు.

ఆయనకో సెల్లి ఉన్నాది, సిలకమ్మని, మా ఊళ్లోనే. కళ్లు మసక. రోజూ పొద్దున్నే కోడల్ని అడుగుతాది, "అమ్మీ, అన్న పొయ్యి ముట్టించాడా?" అని. కోడలు బయటికి సూడకుండానే "ముట్టించాడత్తా" అనీసేది, రోజూ ముట్టిస్తాడు కదా అని. ఆ పొద్దున్న ఎదురు నరికిన సప్పుడు ఇని, ఎవులికి అని అడిగితే అప్పుడు బయటపడింది. ముసిల్ది ఏడవనేదంట. "పోనాడని ఎవులు సూసేరు? జరమొచ్చి పడుంటాడు" అని సొరకాయ బుర్రలో ఏడేడి అంబలి పోయించుకుని, కోడలి బుజం పట్టుకుని బయలెల్లింది. అందరూ ఎక్కీసినాక ఎప్పటికో సేరింది. గుమ్మం కాడ జనాన్ని సేత్తో తోసుకుంటా లోపలికెల్లి, మంచం పక్కన సతికిలబడి, రొప్పుకుంటానే, "అన్నా, లేగు. అంబలి సల్లారిపోతాది" అన్నాది.

అంతే. తాత బావురుమని లేచి కూకున్నాడు. బయట డప్పోడు డప్పు పారేసి పరిగెట్టాడు. బొంజన్నకి కోపం వచ్చీసింది. "మాతో ఆటలాడతన్నావేటి మామా?" అని కేకలేసాడు. అంబలి తాగతా తాగతా తాత అన్నాడంట, "ఆట కాదురా బాబూ. ఎవులైనా వస్తారేమోనని సూసేను." ఎద్దు కావాలన్నోడు ఎల్లి ఎద్దుకి గడ్డేసి వచ్చాడు. సిక్కుడు గింజలు ఉడకెట్టుకుని అందరూ తిని దిగినారు. ఎదురు బొంగులు మటుకు ఎవులూ ఎనక్కి మొయ్యనేదు, అవి ఇంటికి తేకూడదు కదా.

సిలకమ్మకి మోకాళ్లు వాసిపోయి కొన్నాళ్లు అక్కడే ఉండిపోనాది. అన్నా సెల్లీ ఎండలో కూకుని సిన్నప్పటి కబుర్లే కబుర్లు. వాపు తగ్గినాక, "నాతో వచ్చీ అన్నా" అన్నాది. "ఈ నేలని ఒగ్గేసి ఎలా వస్తానే?" అన్నాడు. "అయితే నాను మళ్లీ ఎక్కలేను" అన్నాది ఆవిడ. కోపంగా కాదు, ఉన్న మాటే. కోడలు వచ్చి తీసుకెల్లింది. దిగుతా దిగుతా మలుపు మలుపు కాడా ఆగి "అన్నా..." అని పిలిసేదంట, ఈయన పైనుంచి "ఓ..." అనేవోడు. కొంతసేపటికి ఆవిడ గొంతు అందనేదు. అయినా ఈయన సేని గట్టు మీద నిలబడి "ఓ..." అంటానే ఉన్నాడంట.

అదీ గాసి తాత సంగతి. తరవాత ఎవులైనా ఎక్కేరా అంటారా? ఎక్కేరు, మొదట్లో. అల్లం తవ్వే రోజుల్లో మరీ ఎక్కేరు. ఆ ఎనక పన్లు కదా అందరికీ. ఎత్తు కూడా ఎక్కువే మరి. పాడె మోసుకుని ఎలా ఎక్కేరో గానీ, ఉత్తి సేతుల్తో ఎల్లాలంటే మటుకు బలే ఆయాసం.