నాలుగో తరంగం

శనివారం మధ్యాహ్నం, గైడు గది. బల్ల మీద సంతకం కావలసిన థీసిస్, లోహపు గొట్టంలో మైక్రోవేవ్ తరంగాలు ఎలా నడుస్తాయన్నదాని మీద. ఎదురుగా దాన్ని రాసిన విద్యార్థిని.

"లేదంటే ఏంటమ్మా? మొన్నటిదాకా ఉందిగా?"

"కంప్యూటర్లో ఉంది సార్. గొట్టంలో లేదు."

"గొట్టంలో ఏముందో కంప్యూటర్ని అడగడమేగా మన పని?"

"అడిగాను సార్. గొట్టాన్ని గడులు గడులుగా విడగొట్టి లెక్క కట్టాం కదా. ఆ గడుల్ని ఇంకా చిన్నవి చేసి చూశాను. మొదటి మూడు తరంగాలు ఉన్నచోటే ఉన్నాయి. నాలుగోది మాత్రం గడి మార్చినప్పుడల్లా చోటు మారుస్తోంది."

"కుదురు లేదు పాపం. మొదట్నుంచీ అంతే."

"అది లెక్కలో పుట్టిన దయ్యం సార్. ల్యాబులో నిజం గొట్టంలోకి మైక్రోవేవ్ పంపించి కూడా చూశాను. నాలుగు రోజులు కూర్చున్నా రాలేదు."

"కొత్తవాళ్ళంటే దానికి బెరుకు."

"సార్..."

"దాన్ని కనిపెట్టినప్పుడు మా ఆవిడ పేరు పెట్టానమ్మా. ఆరు దేశాల్లో ఆ పేరుతోనే పిలుస్తారు."

"లేదని తెలిస్తే మేడం గారు బాధపడతారా?"

"పేరు పెట్టినరోజే అంది, ఉన్నదేదైనా చూసి పెట్టకూడదా అని. ఆ సంగతి వదిలెయ్. దాని గురించిన నాలుగో అధ్యాయం ఉంచావా, వచ్చే నెలకి డాక్టరువి. తీసేశావా..."

"తెలుసు సార్. ఐదేళ్ళు నీళ్ళపాలవుతాయేమోనని భయంగానే ఉంది. అయినా లేనిదాన్ని ఉందని రాయలేను."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"ఏదీ, ఇలా ఇవ్వు."

"చించేస్తారా?"

"సంతకం పెడతాను. అది లేదని నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"చెప్పాను, నిండు సభలో. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచీ వచ్చిన ప్రతి విద్యార్థికీ ఆ తరంగాన్నే ఇస్తున్నా, ఒక్కరైనా లేదని తేలుస్తారేమోనని."

"ఎంతమంది తేల్చారు సార్?"

"నీతో కలిపి ఒకరు."

"మిగతావాళ్ళు?"

"ఉందని రాసి అందరూ ప్రొఫెసర్లయ్యారు. నిన్ను పరీక్ష చెయ్యడానికి వచ్చేది వాళ్ళే."