గేటోడికి తెలుసు

బెంగాలీల ఊరు, ట్రాములు తిరిగే భవానీపూర్‌లో సినిమా హాలు ఎదుట టీ దుకాణం బెంచీ. ఆదివారం మేట్నీ వదిలాక ఏక్‌బాల్‌పూర్ సన్యాసమ్మ, ఆమె చెల్లెలి కొడుకు రఘురాం దాని మీద సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ కార్పొరేషన్‌లో వీధులూడ్చే మనిషి, అతను న్యూ టౌన్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. వాదన దగ్గర మాత్రం ఇద్దరిలో ఎవరూ తగ్గరు.

"అదంతా ఉండనీరా. ఇంతకీ ఆ గేటోడు ఏ ఆటలో ఉన్నాడు? మేట్నీ ఆటలోనా?"

"మేట్నీ ఆట మనం చూసింది పెద్దమ్మా. వాడున్నది కంప్యూటర్ ఆటలో. పెద్ద కళ్ళజోడు పెట్టుకున్నతను ఉన్నాడే, ఆ ఆట తయారుచేసింది అతను. గేటు దగ్గర కాపలా కాసేవాడు ఆ ఆటలో బొమ్మ."

"బొమ్మయితే బీడీ ఎలగ కాల్చాడు?"

"అది బొమ్మ బీడీ."

"పొగ?"

"పొగా బొమ్మే. ఆ కళ్ళజోడు పెట్టుకుంటే నిజంగా అక్కడ ఉన్నట్టే ఉంటుంది. తీసేస్తే ఏమీ ఉండదు."

"మీ పెదనాన్న మాట లాగ."

"మధ్యలో పెదనాన్న ఎందుకు?"

"ఊరికే అన్నాను. ఉలిక్కిపడతావేటి? టీ ఒలికింది సూడు."

"ఉలిక్కిపడలేదు. గ్లాసు వేడిగా ఉంది."

"నువ్వూ ఆఫీసులో ఇలాటి బొమ్మల్నే సేస్తావా?"

"మావి బ్యాంకుల పనులు పెద్దమ్మా. బొమ్మలూ లేవు, బీడీలూ లేవు. అది సరే గానీ, తను బొమ్మనని వాడికి ఎలా తెలిసింది? అక్కడే నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"నిద్రపోతే ఏటర్థమవుద్ది? గురక కూడా పెట్టావు. ముందు సీటాయన ఎనక్కి తిరిగి నన్ను సూసాడు, నేనే పెట్టాననుకొని."

"ఏసీ హాయిగా ఉంది. పోనీ నువ్వు చెప్పు."

"ఆ ఊళ్ళో ఎప్పుడూ వానే కదా. ఆడు గేటు కాడ వానలోనే నిలబడతాడు. ఒకరోజు సొక్కా తడిమి సూసుకున్నాడు. పొడిగా ఉంది. ఇన్నాళ్ళు వానలో నిలబడ్డాను, ఒక్క తుమ్మైనా రానేదేటి అనుకున్నాడు. అంతే, తెలిసిపోనాది."

"అంత చిన్నదానికా?"

"సిన్నదానికే తెలుస్తాదిరా. ఆడికి తుమ్ము రానేదు. మీ పెదనాన్నకేమో ఏడాదై జలుబు తగ్గనేదు. ఆదివారం ఫోను సేస్తే సాలు, ముక్కుతోనే మాట."

"సముద్రం గాలి పెద్దమ్మా. పడదు."

"పెళ్ళికి ముందు నుంచీ ఓడల్లో వంట సేస్తన్నాడు. ఇన్నేళ్ళు పడిన గాలి ఇప్పుడు పడదా?"

"వయసొచ్చింది కదా."

"అదీ నిజమే. అయిదవుతందా? ఫోనొచ్చే వేళ."

"అయిదా? ఆ, అవుతోంది. పెద్దమ్మా, లేద్దామా? నిన్ను బస్సెక్కించేస్తాను. నాకు చిన్న పనుంది, అది చూసుకొని..."

"ఆదివారం ఏటి పని? రేపు ఎలగూ బంద్. కూకో. ఈరోజు ఫోను ఇక్కడే మాట్లాడతాను. నువ్వూ మాట్లాడుదువు. ఏడాదై ఆయన ఫోను సేసినప్పుడల్లా నువ్వు ఎక్కడికో మాయమైపోతావు."

"అది... ఇవాళ ఫోను రాకపోవచ్చు."

"ఎందుకు రాదు? నీతో సెప్పాడా?"

"నాతో ఎందుకు చెప్తాడు? ఓడ ఎక్కడుందో ఏంటో. సిగ్నల్ ఉండొద్దూ?"

"ఉంటాది. ఒక్క ఆదివారం తప్పనేదు. అంత బుద్ధిమంతుడైపోనాడు. ఒరే, నా బొట్టు సూడు, సెమటకి కారిపోనాదేటి?"

"లేదు. బాగానే ఉంది."

"సరిగ్గా సూసి సెప్పు."

"చూసే చెప్పాను. ఉంది."

"మొన్న బైరాగి ఓడ దిగొచ్చాడు. మీ పెదనాన్నతో కలిసి ఎల్లినోడు. మా సందులో ఎదురుపడి, నా బొట్టు కేసి సూసి, మొకం తిప్పీసుకున్నాడు. అప్పట్నుంచి అద్దం ముందు నిలబడితే ఒకటే ఆలోచన."

"ఏం ఆలోచన?"

"ఇది ఉంచుకోవాలో, అక్కర్లేదో అని."

"అలాంటి మాటలు వద్దు పెద్దమ్మా. బైరాగి మామకి కళ్ళు సరిగ్గా కనబడవు."

"తాగొచ్చినప్పుడు పోలీసోడు మాత్రం వీధి సివర ఉన్నా కనబడతాడు. ఎదురుగా ఉన్న నేను కనబడనేదా?"

"దాదా, ఇంకో రెండు లేబు చా. నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండు."

"మాట మార్చకు."

"మార్చలేదు. దాహమేసింది. నువ్వు సినిమా గురించి చెప్తున్నావు."

"ఆ, గేటోడు. ఆడికి తెలిసిపోనాది కదా. మరి ఆ కళ్ళజోడోడికి ఎందుకు సెప్పనేదు? ఆ కుర్రోడు రోజూ ఆటలోకి వస్తాడు, పక్కన కూకుంటాడు, కబుర్లాడతాడు. ఒరే నాయనా, ఇది ఆటని నాకు తెలుసురా అని ఒక్క ముక్క అనొచ్చు కదా?"

"అనేస్తే సినిమా అక్కడితో అయిపోతుంది. అందుకని రాసినవాళ్ళు..."

"రాసినోళ్ళ సంగతి నాకు తెల్దు. ఆడి సంగతి తెలుసు. సెప్పేస్తే ఆ కుర్రోడు మళ్ళీ రాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టీస్తాడు. ఇంక ఆ గేటు కాడ ఈడూ, వానా."

"అతను మోసం చెయ్యాలని చెయ్యలేదు పెద్దమ్మా."

"ఎవడు?"

"అదే, కళ్ళజోడతను."

"మోసమని నేనన్నానేటి? మంచోడే. పని సేతకాదు గానీ, మంచోడు."

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. బాత్రూముకెళ్ళొస్తాను. హాల్లో వెళ్ళడం మర్చిపోయాను."

"ఎల్లు. సేతిలో ఆ రుమాలెందుకు?"

"చెమట."

"వేగిరం వచ్చీ. టీ సల్లారిపోద్ది."

రఘురాం ట్రాము పట్టాలు దాటి ఎదుటి సందులోకి మళ్ళాడు. కాసేపటికి సన్యాసమ్మ ఫోను మోగింది.

"హలో."

"హలో. నేను."

"నేనంటే?"

"నేనే... నీ మొగుణ్ణి. ఓడలోంచి."

"ఓహో. గొంతు పోల్చుకోనేకపోనాను. జలుబు తగ్గనేదా?"

"తగ్గుతోంది. తిన్నావా?"

"తిన్నాను. రఘుగాడు సినిమాకి తీసుకొచ్చాడు. మంచి పిల్లోడు, గురక పెడతాడు గానీ."

"గురకేం పెట్ట... పెడతాడా?"

"పెడతాడు. అదేటి, ఆ గంట? ఓడ మీద ట్రాము తిరగతందా?"

"అది ఓడ గంట. భోజనాల వేళకి కొడతారు."

"ఇక్కడా అదే గంట వినబడింది. భోజనం మాత్రం ఎవరూ పెట్టనేదు. మరి లేబు చా, లేబు చా అని ఆ అరుపేటి?"

"మా వంటింట్లో ఒక బెంగాలీ అతను ఉన్నాడు. అతనికి అలా అరవడం అలవాటు. సరే, ఉంటాను. ఒంట్లో జాగ్రత్త."

"ఉండు, పెట్టీకు. నన్నోసారి పిలు."

"ఏమని?"

"ఒలే అని. పెళ్ళైన కాణ్ణించి నువ్వు నన్ను పిలిసే పిలుపు అదే కదా. ఈ ఏడాదై ఒక్కసారీ అననేదు. ఒక్కసారి అనీసి ఫోను పెట్టీ."

"ఇక్కడ అందరూ ఉన్నారు."

"ఉంటే ఏటి? పెళ్ళాన్ని పిలవడానికి సిగ్గా?"

"తర్వాత అంటాను."

"అననేవు. నోరు రాదు నీకు. పెద్దమ్మని ఒలే అని ఎలగ పిలుస్తావురా?"

"పెద్దమ్మా..."

"ఆ పిలుపు బాగుంది. సందు మలుపులో నీ సొక్కా అంచు కనబడతంది. బయటికి రాకు, అక్కడే ఉండు. నీ మొకం సూస్తే నేను అడగనేను."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నన్ను అడగనీ ముందు. బైరాగి మొకం తిప్పీసుకున్న కాణ్ణించి నాకు నిద్ర నేదు. నా మొగుడు ఉన్నాడా, నేడా? అదొక్కటే సెప్పు."

"ఉన్నాడు."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు పెద్దమ్మా. బతికే ఉన్నాడు. ముంబైలో. అక్కడ ఇంకో ఆవిడతో..."

"అది నేనడగనేదు."

"నీకు తెలిస్తే తట్టుకోలేవేమోనని భయమేసింది. ముందు ఒక్క వారం ఆయనలా ఫోను చేద్దామనుకున్నాను. తర్వాత ఎలా ఆపాలో తెలియలేదు."

"నాకూ తెలీనేదు. అందుకే ప్రతి ఆదివారం ఫోను తీసాను. ఏడవకురా, వచ్చేపోయేవోళ్ళు సూస్తారు. రుమాలుంది కదా, నోటికి అడ్డం తీసి కళ్ళు తుడుసుకో."

"నీకు కోపం లేదా?"

"మీ పెదనాన్న మీద ఉంది, ఆయనొచ్చినప్పుడు సూసుకుంటాను. మనిషున్నాడు, బొట్టుంటాది. ఇంక ఆలోచన నేదు. రా, టీ సల్లారిపోనాది."

"వస్తున్నాను. ఇంకెప్పుడూ ఇలా ఫోను చెయ్యను పెద్దమ్మా."

"సెయ్యి. నా కాపరం మొత్తం మీద తిన్నావా అని అడిగిన మొగుడు ఆ జలుబోడొక్కడే."