సన్యాసమ్మ మొదటి పట్టు

సన్యాసమ్మకి మొగుడు లేడు, సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఏటి మడుగు పక్కన ఒక బండ. దాని మీద కూర్చుని గాలం వేస్తే ఏడాది పొడుగునా కూరకి లోటుండదంట. కానీ ఆ బండ ఎవరి సొంతమూ కాదు. ఎండాకాలంలో మొదటి వాన పడి, పుట్టల్లోంచి ఉసిళ్ళు రెక్కలతో లేచిన సాయంత్రం, గాలానికి మొదటి పట్టు ఎవరు పడితే ఆ ఏడు బండ వాళ్ళది. ఉసిళ్ళు నీళ్ళ మీద రాలతాయా, చేపలు పైకొచ్చి గుటుక్కుమని మింగుతాయా, అప్పుడు వేసిన గాలం ఊరికే రాదు. ఏటా సన్యాసమ్మే గెలిచేది. ఆ ఏడు తమ్ముడి పెళ్ళాం పారమ్మ కూడా గాలం పట్టుకొచ్చింది. బండ పోతే ఇక మరదలి గుమ్మంలోనే కూరకి చిప్ప పట్టాలి. అంతకంటే ఏట్లో దూకడం మేలనుకో.

ఏమైందంటే, ఎరకని చేటెడు ఉసిళ్ళు పట్టింది సన్యాసమ్మ. బతికుంటే పాకిపోతాయి, వేపితే కుదురుగా ఉంటాయని వేపింది. ఎంత తెలివో చూడండి. వేపాక వాసన ఊరుకుంటుందా? బండ మీద కూర్చుని పారమ్మని ఒక మాట అనడం, గుప్పెడు నోట్లో వేసుకోవడం, ఇంకో మాట అనడం, ఇంకో గుప్పెడు. చేపలు లేచేసరికి చేటలో ఒక్కటీ లేదంట. ఎగిరేవన్నీ అప్పటికే మడుగులో పడ్డాయి. ఏం చేస్తుంది, చీరకి అంటుకున్న రెక్కలు తీసి తల వెంట్రుకతో గాలం ముల్లుకి చుట్టింది. బతికున్న పురుగే అనుకో. కానీ అది దూది కంటే తేలిక, వేస్తే దూరం పోదు. కర్రని తల మీదుగా కొరడాలా తిప్పి తిప్పి విసిరింది. దారం బిగిసింది. పడింది, అని లాగింది. లాగిన కొద్దీ తల వంగిపోతోంది. అమ్మో, నీళ్ళలోకి లాక్కుపోయేలా ఉందే అని ఇంకా లాగింది. ‘‘వదినా, నీ కొప్పు’’ అంది పారమ్మ. ‘‘నా కొప్పుతో నీకేం పనే, నీ గాలం చూసుకో.’’ ‘‘నీ గాలం కొప్పులోనే ఉందొదినా.’’

అంతలో పారమ్మకి అరచేతంత చేప పడింది. ఊరి పెద్ద చూసేదాకా పట్టిన దాన్నించి ముల్లు తియ్యకూడదని కట్టుబాటు గదా, కొప్పుకి కర్ర వేలాడుతుండగా సన్యాసమ్మ వీధంతా నడిచిందంట. గౌరునాయుడని ఊరి పెద్ద, ముందు పడిందేది అని అడిగాడు. ‘‘ముందు పడింది వదినే. పట్టింది కూడా వదినే’’ అంది పారమ్మ. నాయుడు గడ్డం గోక్కుని, చేపే పడాలని కట్టుబాటులో లేదు, పట్టంటే పట్టే అన్నాడు. ‘‘కానీ సన్యాసమ్మా, మొదటి పట్టు ఇంటింటికీ వాటా వెయ్యాలి. వెయ్యలేకపోతే బండ పారమ్మది.’’ సన్యాసమ్మ తన చేతులు చూసుకుంది, కాళ్ళు చూసుకుంది. ‘‘చూడు నాయుడా, ఇదంతా ఎముకే, గంజికి కూడా పనికిరాదు. నాలో బలిసింది నోరొక్కటే. అది పొద్దున లేస్తే ఇంటింటికీ వేస్తూనే ఉన్నాను. ముట్టని ఇల్లుంటే చెప్పమను.’’ ముట్టలేదని ఒక్క ఇల్లూ చెప్పలేదంట. ‘‘మాకు రెండు వాటాలు ముట్టాయి, అబద్ధమెందుకు’’ అంది పారమ్మ. నాయుడు నవ్వి, బండ సన్యాసమ్మకే ఇచ్చేశాడు.

అదీ సంగతి. నాకూ అంత నోరే ఉంది, నాలుగూళ్ళకి పంచాను. బండ ఇచ్చే నాయుడే దొరకలేదు.